సీసా మీద దానిమ్మ, సీసాలో యాపిల్

1924లో అమెరికా సుప్రీంకోర్టు 95 పీపాల వినెగర్ మీద తీర్పు చెప్పింది. అది న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని డగ్లస్ ప్యాకింగ్ కంపెనీ సరుకు. ఏరిన యాపిల్స్‌తో చేసిన సైడర్ వినెగర్ అని లేబుల్ చెప్పింది. చేసింది మాత్రం ఎండు యాపిల్స్‌ను నీళ్లలో నానబెట్టి తీసిన రసంతో. అది ఆరోగ్యానికి చేటన్న ఆరోపణ లేదు, యాపిల్ అన్న మాటా అబద్ధం కాదు. అయినా అక్షరాలా నిజమైన మాటతోనూ మోసం చేయవచ్చని, 1906 నాటి ఆహార చట్టం దాన్ని కూడా నిషేధిస్తోందని కోర్టు తేల్చింది. లేబుల్‌ను తూచవలసిన తూకం ఇదే: కంపెనీ ఏం రాసిందని కాదు, కొనేవాడికి ఏం అర్థమైందని చూడాలి.

ఆ తూకాన్ని 90 ఏళ్ల తర్వాత మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. కోకాకోలా వారి మినిట్ మెయిడ్ సీసా మీద దానిమ్మ, బ్లూబెర్రీ అన్న పేర్లు పెద్ద అక్షరాల్లో, అయిదు రసాల మిశ్రమమన్న మాట చిన్న అక్షరాల్లో ఉన్నాయి. లోపల దానిమ్మ 0.3 శాతం, బ్లూబెర్రీ 0.2 శాతం, 99.4 శాతం యాపిల్, ద్రాక్ష రసాలే. దానిమ్మ రసం అమ్మే పామ్ వండర్‌ఫుల్ 2008లో దావా వేసింది. ప్రభుత్వ నియమాలు ఆ పేరును ఒప్పుకున్నాయి కాబట్టి దావా చెల్లదని కింది కోర్టులన్నాయి. సుప్రీంకోర్టు విచారణలో, కొనేవాళ్లు అంత తెలివితక్కువవాళ్లు కాదని కోకాకోలా న్యాయవాది వాదిస్తే, అది దానిమ్మ రసమే అనుకున్నానని జస్టిస్ కెనడీ బెంచి మీదనుంచే చెప్పారు. ఆ స్థాయి న్యాయమూర్తే పొరబడ్డ చోట సామాన్యుణ్ని తప్పుపట్టడం అన్యాయం. 2014 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దావాకు దారి తెరిచింది.

ఇలా తలుపులు తెరిస్తే పసలేని కేసులు వెల్లువెత్తుతాయని కొందరి భయం. కానీ అల్పాహారపు గుళికలైన క్రంచ్‌బెర్రీలను నిజమైన పండ్లనుకున్నానంటూ వేసిన దావాను 2009లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు కొట్టేసింది. సగటు కొనుగోలుదారు అలా అనుకోడన్నది అక్కడి కారణం. జల్లెడ ఉందన్నమాట. పామ్ వండర్‌ఫుల్ కూడా మచ్చలేనిది కాదు: దాని ఆరోగ్య ప్రకటనలు తప్పుదోవ పట్టించాయన్న నిర్ణయాన్ని 2015లో అప్పీలు కోర్టు చాలావరకు సమర్థించింది. దావా వేసినవారికీ అదే తూకం వర్తించిందంటే సూత్రం గట్టిదనే అర్థం.

బలమైన అభ్యంతరం మరొకటుంది. 2016లో జ్యూరీ చివరికి కోకాకోలా వైపే తీర్పిచ్చింది. ఎనిమిదేళ్ల వ్యాజ్యం తర్వాత కూడా కొనేవాడికి దక్కిందేమీ లేదు. అందుకే కోర్టుల కంటే ముందుగా నియమమే మాట్లాడాలి. మన దేశపు ఆహార భద్రతా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, నీళ్లు కలిపి తిరిగి తయారుచేసిన రసాలపై '100 శాతం పండ్ల రసం' అన్న మాటను తీసేయమని 2024 జూన్‌లో ఆదేశించింది. యూరోపియన్ యూనియన్ 2011 నియమావళి ఇంకా ముందుకెళ్లింది: పేరులోనో బొమ్మలోనో ఒక పదార్థాన్ని చూపితే అది ఎంత శాతముందో లేబుల్ మీద చెప్పాల్సిందే. ఆ నియమం అమెరికాలో ఉండుంటే, మినిట్ మెయిడ్ సీసా మీద ఆ 0.3 అంకె మొదటిరోజే కనిపించేది.