చింతూరు కొండల్లో నిప్పు చరిత్ర



చింతూరులో ఏ ఇంటికి వెళ్లి అడిగినా 2022 జులై వరద గురించి చెబుతారు. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిందని, శబరి ఎగదన్నిందని, ఫలానా గోడ మీద నీళ్లు ఇంతవరకు వచ్చాయని చెయ్యి పెట్టి చూపిస్తారు. అదే మనిషిని "మీ ఊరి అడవి బాగా కాలింది ఏ సంవత్సరం?" అని అడగండి. "ఏటా కాలుతూనే ఉంటుంది కదమ్మా" అంటారు. వరదకు తేదీ ఉంది, కొలత ఉంది, బాధితుల జాబితా ఉంది. నిప్పుకు ఇవేవీ లేవు.

చరిత్ర పాఠం చెప్పాలంటే నాలుగు విషయాలు తెలియాలని టీచర్ ట్రైనింగులో మాకు నేర్పారు. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, దానివల్ల ఏమైంది. మన అడవి నిప్పు గురించి ఈ నాలుగూ ఎక్కడా రాసి లేవని నాకు తెలిసింది పుస్తకం చదివి కాదు, హాస్టల్‌లో ఒక పిల్ల వల్ల.

కొన్నేళ్ల కిందట వేసవి సెలవులయ్యాక ఆరో తరగతి అమ్మాయి ఒకతి మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. చేతిలో పెట్టె లేదు. "ఇల్లు కాలిపోయింది మేడం" అంది. అమ్మానాన్న తునికాకు కోయడానికి పోయారట. మిట్టమధ్యాహ్నం కొండ మీది అగ్గి గడ్డి పట్టుకుని ఊరి వైపు దిగింది. గాలి తిరిగేసరికి చివరి రెండిళ్ల కప్పులు అంటుకున్నాయి. వాళ్ల నాయనమ్మ మేకల తాళ్లు కోసి, చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని వాగులోకి పరిగెత్తింది. ప్రాణాలు దక్కాయి. విత్తనాల బుట్టలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు, బియ్యం, రేషన్ కార్డు, భూమి పట్టా, పిల్ల కుల ధ్రువీకరణ పత్రం పోయాయి. ఆ పత్రం మళ్లీ చేతికి రావడానికి ఆ ఏడాదంతా పట్టింది. ఇదంతా ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ రోజు నుంచే నేను ఈ నిప్పు గురించి అడగడం, చదవడం మొదలుపెట్టాను.

తాతల నిప్పు

మన కోయవాళ్లకు, కొండరెడ్లకు నిప్పు కొత్త కాదు. పోడు నిప్పుతోనే నడిచింది. చలికాలంలో పొదలు, చిన్న చెట్లు నరికి ఎండబెట్టేవారు. ఇప్ప, తునికి, మామిడి, చింత జోలికి పోయేవారు కాదు. ఎండాకాలం చివర, తొలకరికి ముందు కాల్చి, ఆ బూడిదలో సామ, కొర్ర, జొన్న, కంది చల్లేవారు. రెండు మూడేళ్లు పండించి, ఆ కొండను విడిచి మరో కొండకు పోతే, విడిచిన చోట అడవి తిరిగి లేచేది. 1945లో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు మన పక్క కొండల రెడ్ల మీద అచ్చువేసిన పుస్తకంలో కూడా ఈ పోడు జీవితమే కనిపిస్తుంది.

మా తాత పోడు కొట్టినవాడు. కాల్చే ముందు చుట్టూ నాలుగడుగుల మేర ఆకు ఊడ్చి నేల కనబడేలా చేసేవారని, గాలి పడిపోయిన పొద్దుగూకే వేళ చూసుకుని కొండ పైనుంచి కిందికి నిప్పు పెట్టేవారని చెప్పేవాడు. మంట కిందికి నెమ్మదిగా దిగుతుంది, పైకి పరిగెత్తుతుంది. ఊరంతా పచ్చి కొమ్మలు పట్టుకుని గట్టు మీద నిలబడేది. నిప్పు దాటిపోతే పెట్టినవాడు పెద్దల ముందు తప్పు కట్టాలి. అంటే నిప్పు పెట్టే హక్కుతో పాటు దాన్ని కాయాల్సిన బాధ్యత కూడా ఊరిదే.

నిప్పు నేరమైన కాలం

బ్రిటిష్ ప్రభుత్వం 1864లో అటవీ శాఖను పెట్టింది. ఓడలకు, రైలు పట్టాల కింది దిమ్మెలకు వాళ్లకు కలప కావాలి. కలప ఇచ్చే చెట్టుకు నిప్పు శత్రువని, అడవిలో నిప్పు అసలు ఉండకూడదని నిర్ణయించారు. మధ్య పరగణాల్లోని బోరి అడవిలో 1860ల్లోనే ఈ ప్రయోగం మొదలైంది.

మన భద్రాచలం, రేకపల్లి ప్రాంతం కూడా అప్పట్లో మధ్య పరగణాల్లోనే ఉండేది. 1874లో మద్రాసు ప్రభుత్వం కిందికి మార్చారు. ఆ మార్పుతో రేకపల్లి వైపు పోడు మీద పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని కొండల్లో పోడే కొట్టకూడదన్నారు. 1879లో రంప దేశంలో కల్లు మీద పన్నుకు, ముఠాదారుల, పోలీసుల దోపిడీకి వ్యతిరేకంగా తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి కొండలు కూడా అందులో కలవడానికి పోడు కష్టమే ముఖ్య కారణం. ఆ రేకపల్లి నేడు మన పక్కనున్న వరరామచంద్రపురం మండలంలో ఉంది. కాబట్టి రంప పితూరీ ఎక్కడో జరిగిన కథ కాదు, అది మన గడప ముందరి చరిత్ర.

మూడేళ్లకు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం, చెట్టు కొట్టడం, పశువును మేపడం నేరాలయ్యాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషన్ మీదికి వెళ్లిన మన్యం వీరుల కోపంలో ఈ అటవీ ఆంక్షల బాధ కూడా ఉంది. దేశంలో చాలా భాగానికి వర్తించే 1927 భారత అటవీ చట్టమైతే ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎవరైనా కావాలని గానీ, తీవ్ర నిర్లక్ష్యం వల్ల గానీ రిజర్వు అడవి తగలబెడితే, ఆ అడవిలో మేత, ఫలసాయం హక్కులన్నీ ప్రభుత్వం కొంతకాలం ఆపేయవచ్చు. తప్పు ఒకడిది, శిక్ష ఊరంతటికీ. అదే చట్టం ప్రకారం నిప్పు ఆర్పడానికి మాత్రం హక్కుదారులంతా రావాలి.

ఇక్కడ ఒక మాట గమనించండి. నిప్పును పూర్తిగా ఆపడం తప్పేమోనన్న అనుమానం బ్రిటిష్ అటవీ అధికారుల్లోనే వచ్చింది. బర్మా టేకు అడవుల్లో నిప్పు లేని చోట కొత్త టేకు మొక్క లేవడం లేదని వాళ్లే రాసుకున్నారు. ఏటా కొంచెం కొంచెం కాలే ఆకు కాలకపోతే పోగుపడుతుంది. పోగుపడిన ఆకు ఒక్కసారి అంటుకుంటే ఎవరి చేతికీ రాదు. మన తాతలకు తెలిసిన ఈ విషయం చట్టంలోకి రాలేదు. పోడు పోయింది, గట్టు మీద పచ్చి కొమ్మతో నిలబడే ఊరూ పోయింది. నిప్పు మాత్రం పోలేదు.

ఇప్పటి నిప్పు ఎవరిది?

మన తప్పు కూడా చెప్పుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఎండుటాకుల్లో పువ్వు కనబడదని చెట్టు కింద ఆకు కాలుస్తాం. ఇంటికి పోయే తొందరలో ఆరిందో లేదో చూడం. తునికి పొదలకు కొత్త చిగురు రావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మ కొట్టాలి. కొట్టడానికి కూలీ ఖర్చు ఎందుకని నిప్పు పెట్టేవాళ్లున్నారు. వేటకు పెట్టేవాళ్లు, బీడీ ముక్క పారేసిపోయేవాళ్లు, ఘాట్ రోడ్డు పక్కన వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా పోయే యాత్రికులు ఉన్నారు. తాతల నిప్పుకు కాపలా ఉండేది. ఈ నిప్పులకు లేదు. తేడా అక్కడే ఉంది.

మన కొండల్లో అది ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. ఏప్రిల్ నాటికి టేకు, మద్ది, తునికి ఆకు రాల్చేస్తాయి. నేలంతా ఎండుటాకు పరుపే. కొండ వాలు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ పైకి ఎక్కే మంట వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక లెక్క. వెదురు పూసిన ఏడాది తర్వాత బొంగులన్నీ చచ్చి ఎండి నిలబడతాయి. వాటికి అంటుకుంటే తుపాకులు పేలినట్టు పేలుతూ నిప్పురవ్వలు ఎగిరి అవతలి గట్టు మీద పడతాయి. పొద్దున బారెడు ఉన్న మంట పొద్దుగూకేసరికి కొండంతా పాకుతుంది.

దాని దెబ్బ మనకే తగులుతుంది. ఇప్పపువ్వు, తునికాకు, సారపప్పు, అడ్డాకు, తేనె అన్నీ ఎండాకాలపు పంటలే. నిప్పు వచ్చేదీ అప్పుడే. పంట చేతికొచ్చే నెలలోనే పొలం తగలబడితే రైతు ఏమవుతాడో, అడవి కాలితే మనమూ అంతే. మొలకలు కాలి, పదేళ్ల తర్వాత పువ్వు ఇవ్వాల్సిన ఇప్ప మొక్క ఈ రోజే పోతుంది. ఆకు పరుపు పోయిన కొండ మీద తొలకరి వాన మట్టిని కోసుకుపోతుంది, వాగులో ఊట తగ్గుతుంది. పొగకు ముసలివాళ్లు, చంటిపిల్లలు దగ్గుతారు. శబరి అవతలి నుంచి వలస వచ్చి అడవి లోపలి గుడిసెల్లో ఉంటున్న మన బంధువులకైతే పారిపోవడానికి దారి కూడా సరిగా ఉండదు.

బయటి అడవులు చెప్పేది

ఈ బాధ మనదొక్కరిదే కాదు. 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇదే తూర్పు కనుమల ఉత్తర కొసన, ఒడిశాలోని సిమ్లిపాల్ అడవులు రోజుల తరబడి కాలాయి. మనం విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ నారతోనే తాళ్లు పేని బతికే మాంకిడియా ఆదివాసులు ఉండేది అక్కడే. 2020 నవంబరు నుంచి 2021 జూన్ వరకు దేశంలో 3,45,989 చోట్ల అడవి నిప్పును ఉపగ్రహాలు పట్టాయని భారత అటవీ సర్వే సంస్థ లెక్క చెప్పింది. అందులో ఒడిశావే 51,968. అయితే ఉపగ్రహం చుక్కను లెక్కపెడుతుంది. ఆ చుక్క కింద ఎన్ని ఇప్పచెట్లున్నాయో, ఎవరి విత్తనాల బుట్ట ఉందో దానికి తెలియదు.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలది మన కథే. వాళ్లు ఎండలు ముదరకముందే ఆకు మాత్రమే కాలేలా చిన్న నిప్పు పెట్టేవారు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. 1974లో ఆ కొండలు అభయారణ్యమయ్యాక ఆ నిప్పుకు అడ్డు పడింది. తర్వాత లాంటానా కంప అడవంతా అల్లుకుంది, నిప్పు ఆగడం వల్లే ఇలా అయిందని సోలిగలు చెబుతారు. ఇప్పుడు మంట వస్తే ఆ కంప పట్టుకుని చెట్ల నెత్తికెక్కుతుంది. ఆస్ట్రేలియాలో 2019-20 కార్చిచ్చుల్లో 33 మంది చనిపోయాక, అక్కడి ఆదివాసులు చల్లని రోజుల్లో చిన్న నిప్పులు పెట్టే పాత పద్ధతిని నేర్చుకోవాలని బయటివాళ్లు కూడా అడుగుతున్నారు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

సోలిగలు 2011లో సామూహిక అటవీ హక్కులు సాధించారు. పులుల అభయారణ్యంలో ఆ హక్కు పొందిన మొదటివాళ్లు వాళ్లే. ఆ హక్కు ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం మనకూ ఉంది. అందులో పోడు పట్టా గురించి మనందరికీ తెలుసు. ఊరి అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కు, ఆ పని గ్రామసభ చేతిలో పెట్టిన ఐదో సెక్షన్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. 1882లో మన చేతినుంచి పోయిన కాపలా బాధ్యత కాగితం మీదైతే తిరిగి వచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకోవాల్సింది మీరు.

దీని అర్థం వెళ్లి నిప్పు పెట్టమని కాదు. అది ఈ రోజుకీ నేరమే, ప్రమాదం కూడా. చేయగలిగినవి వేరే ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గ్రామసభ కూర్చుని అటవీ సిబ్బందితో మాట్లాడి ఊరి చుట్టూ ఫైర్ లైన్ ఊడవండి. ఇప్పచెట్టు కింద ఆకు కాల్చే బదులు వలో పాత చీరో పరవండి, పువ్వూ శుభ్రంగా ఉంటుంది. మంట కనబడితే మొదట పిల్లల్ని, ముసలివాళ్లను వాగు వైపు దాటించండి, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి. గాలి మంటను తోసే వైపు, కొండ పైభాగాన ఎవరూ నిలబడకండి. ఇంట్లో కాగితాలన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి, ఫోన్లో ఫోటోలు తీసి ఉంచండి.

చివరిగా ఒక టీచరుగా అడుగుతున్నాను. ఊరికొక నోటుబుక్కు పెట్టండి. నిప్పు వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, దానివల్ల ఏం పోయింది అని నాలుగు గళ్లు గీసి రాయండి. మన చేతి నిప్పయినా దాచకుండా రాయండి. రేపు పరిహారం అడగడానికి, అడవి హక్కు అడగడానికి అదే సాక్ష్యం. ఇన్నాళ్లూ మన నిప్పు గురించి రాసినవాళ్లు దాన్ని నేరాల రిజిస్టరులోనే రాశారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న సెలవులకు వెళ్లేముందు తన ఊరి నోటుబుక్కు కొని తెచ్చి చూపించింది. మొదటి పేజీలో వాళ్ల ఇల్లు కాలిన రోజు రాసుకుంది. తేదీ గుర్తులేక వాళ్ల నాయనమ్మను అడిగిందట. "తునికాకు కల్లం మొదలైన మూడో రోజు" అని చెప్పిందట ఆ ముసలమ్మ. అలాగే రాసింది.

జోహార్.