లాంతరు మసి, హైదరాబాద్ బెలూన్, ఓరియన్ మేఘం

ఫ్రెండ్స్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, గుర్తుందా? శ్రీకాకుళం జిల్లాలో మా ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. నాయనమ్మ అటక మీంచి పాత లాంతరు దించింది. కాసేపటికే గాజుకి మసి పట్టేసి వెలుగు తగ్గిపోయింది. తుడుద్దామని ముట్టుకున్నాను, చెయ్యి చుర్రుమంది.

వెలుగు ఆగిపోయింది గానీ, వేడి ఆగలేదు. ఈరోజు మన టాపిక్ అదే.

నక్షత్రాల మధ్య ఉండే పెద్ద పెద్ద మేఘాల్లో కూడా మసి లాంటి కార్బన్ ధూళి ఉంటుంది. అది చుక్కల వెలుగుని మింగి, కాస్త వేడెక్కి, ఆ శక్తినే ఇన్‌ఫ్రారెడ్‌గా బయటికి పంపుతుంది. వేడి అంటే మైనస్ 240 డిగ్రీల దగ్గర! మన గాల్లో ఉన్న నీటి ఆవిరి ఆ కిరణాల్ని నేలదాకా రానివ్వదు. అందుకే టెలిస్కోపునే పైకి పంపాలి.

ఇలాంటివి నాసా వాళ్లే చేస్తారని నేను అనుకునేవాణ్ని. హైదరాబాద్‌లో జాబ్ చేసిన రోజుల్లో ఈసీఐఎల్ బస్సు ఎన్నిసార్లు ఎక్కానో! ఆ పక్కనే టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం ఉందని తెలీదు. హోమీ భాభా మొదలుపెట్టిన కాస్మిక్ కిరణాల పరిశోధన నుంచి పుట్టింది అది. పల్చటి పాలిథీన్‌తో బెలూన్లు అక్కడే తయారు చేస్తారు. 1980ల నుంచి మీటరు వెడల్పు అద్దం ఉన్న టెలిస్కోపుని 30 కిలోమీటర్ల పైకి పంపారు. పని అయ్యాక పారాచూట్‌తో దించి, బాగుచేసి, మళ్లీ ఎగరేసేవారు.

1999 నుంచి జపాన్ వాళ్ల పరికరం కూడా దానికి తోడైంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ పరమాణువు 158 మైక్రాన్ల దగ్గర ఇచ్చే కిరణాన్ని అది పట్టుకుంటుంది. ఓరియన్ మేఘాన్ని అలా మ్యాప్ చేశారు. ఆ కిరణం ఎందుకు ముఖ్యమంటే, మేఘంలోని వాయువు తన వేడిని పోగొట్టుకునే దారుల్లో అదొకటి. వాయువు చల్లబడితేనే కుంచించుకుపోయి కొత్త నక్షత్రం అవుతుంది.

లాంతరు వెలిగించిన ఆ రోజుల్లోనే, ఆకాశం తేటపడ్డాక, అర్ధరాత్రి దాటి తూర్పున వరసగా మూడు చుక్కలు చూశాను. వాటి పక్కనే మసకగా ఒక మరక. దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఓరియన్ నెబ్యులా అదేనని అప్పుడు తెలీదు.

ఈసారి చలికాలంలో కరెంటు పోతే, ఇన్వర్టర్ వైపు కాదు, ఒక్క నిమిషం డాబా ఎక్కి అటు చూడండి.