తాళమునకు సాక్షి

జంషెడ్పూరులోని తెలుగువారికి పూరీ దూరపు క్షేత్రము కాదు. టాటానగరు స్టేషనులో పురుషోత్తమ ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో మరి బండి మారనక్కరలేదు. ఆ జగన్నాథాలయములో రత్నభాండారమను ధనాగారమున్నది. దాని లోపలిగదిని పరిశీలింపవలెనని 2018 ఏప్రిల్ 4వ తేదీన లోనికి పోయినవారు ఇనుప కటకటాల వెలుపలనుండియే చూచి వెనుదిరిగిరి. గది తాళపుచెవులు కానరాలేదు. రెండు నెలల పిమ్మట, నకలు చెవులని పైన వ్రాసియున్న యొక కవరు బయటపడెను. 2024 జూలై 14న ఆ చెవులు పెట్టి చూడగా తాళములు తెరచుకొనలేదు. అప్పుడు మేజిస్ట్రేటు సమక్షమున మూడు తాళములు పగులగొట్టి, లోనికి పోయి చూచి, క్రొత్త తాళములు వేసివచ్చిరి. పాములుండునేమో యను శంకతో పాములు పట్టువారిని గూడ సిద్ధముగా నుంచిరి, పాములేవియు కనబడలేదు.

పగులగొట్టుటకు పనిముట్టొకటి చాలును. ఆ పనిని దొంగతనము గాకుండ జేసినది ప్రక్కన మేజిస్ట్రేటు నిలిచియుండుట. తాళము తెరచు విద్య దొంగకును ఉపకారికిని ఒక్కటే. తెరచినవాడు ఇద్దరిలో నెవడో చెప్పవలసినవాడు సాక్షి. నేడు పలు దేశములలో ఈ విద్యను వినోదార్థము అభ్యసించు ఔత్సాహికులున్నారు. 'మా యింటి తలుపు గట్టి తాళము తెరచుకొనుట లేదు, ఉపాయము చెప్పుడు' అని వారికి అపరిచితులు వ్రాయుచుందురు. వ్రాసినవాడు ఇంటి యజమానుడో కాడో ఉత్తరము చూచి యెట్లు తెలియును? ఈ చిక్కు క్రొత్తది కాదు.

మన సాహిత్యమున కిది చిరపరిచితము. మృచ్ఛకటికము మూడవ యంకమున శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయుచు, జందెము తనవంటివానికి ఎన్ని విధముల నుపయోగించునో చెప్పుకొనును. గోడ కొలుచుటకు, నగల కొక్కెములు విడదీయుటకు, గడియ వేసిన తలుపు తెరచుటకు, పాము కరచినచో కట్టు కట్టుటకు. దండి దశకుమారచరితములోని అపహారవర్మ చౌర్యమును శాస్త్రముగనే నడపును. ఆ కథను కేతన పదుమూడవ శతాబ్దిలోనే తెనిగించెను. మనవారు ఈ విద్యను కావ్యములలో దాచలేదు. దాచి యుంచిన దొంగలకు తెలియకపోవునా?

ఈ ప్రశ్ననే 1851లో లండను నగరమంతయు చర్చించెను. ఆ యేట అచ్చటి ప్రపంచ ప్రదర్శనమున కోహినూరు వజ్రమును జనులకు చూపిరి. మన కృష్ణాతీరమున కొల్లూరు గనిలో దొరకినదని పలువురు విశ్వసించు ఆ వజ్రమునకు ఇనుప పంజరమును చేసి యిచ్చినది చబ్ అను తాళముల కంపెనీ. చబ్ వారి తాళము పుట్టుకయే విచిత్రమైనది. 1817లో పోర్ట్స్‌మత్ ఓడరేవులో దొంగతనము జరుగగా, ప్రభుత్వము దొంగచెవులకు లొంగని తాళము చేసినవారికి నూరు పౌనులు బహుమానమని ప్రకటించెను. మరుసటి యేడు జెరమయ్య చబ్ చేసిన తాళము దానిని గెలుచుకొనెను. అందులో పలు రేకులుండును. దొంగచెవి ఏ రేకునైనను మితిమించి పైకెత్తినచో తాళము బిగిసిపోవును. తరువాత యజమానుడు తన చెవి పెట్టినపుడు అది వెంటనే తిరుగదు. ఎవడో చేయి పెట్టినాడని అతనికి తెలిసిపోవును. ఆ చెవినే వెనుకకు త్రిప్పినచో మరల సరియగును. అనగా తాళమే సాక్ష్యము చెప్పును. పోర్ట్స్‌మత్‌లో ఓడలోని చెరయందున్న యొక తాళపు పనివానికి ఈ తాళమునిచ్చి, తెరచినచో శిక్ష మాఫీ చేయుదుమని ప్రభుత్వమువారు, నూరు పౌనులిత్తుమని చబ్ వారు చెప్పిరి. రెండుమూడు నెలలు పెనగులాడి అతడు ఓటమి నొప్పుకొనెను. దొంగపనికి శిక్ష ననుభవించువానిని దొరతనమే పిలిచి, ఈ తాళము తెరువుమని యడిగిన దృశ్యము నాకు మిక్కిలి యింపుగ తోచును.

ఆ తాళమును తెరచినవాడు అమెరికానుండి ప్రదర్శనమునకు వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. 1851 జూలై 22న వెస్ట్‌మినిస్టరులో నొక యింట గట్టిగది తలుపునకున్న చబ్ తాళమును పదునొకండుగురు సాక్షుల యెదుట 25 నిమిషములలో తెరచి, ఏడు నిమిషములలో మరల వేసెను. తాళమునకు దెబ్బ తగులలేదు. లోని సాక్షి నోరు మెదపలేదు. మనము తాళమునకు చెవి యున్నదందుము గదా, హాబ్స్ తన వ్రేళ్ళనే చెవులుగా చేసికొని ఆ రేకుల కదలికను వినెనని చెప్పవచ్చును.

పిమ్మట బ్రామా తాళము. జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళమది. దీనిని తెరచువానికి తక్షణము రెండువందల గినీలు ఇత్తుమని వారి పికడిల్లీ దుకాణపు కిటికీలో ఆరు దశాబ్దములకు పైగా పలక వ్రేలాడుచుండెను. హాబ్స్ పదునారు దినములలో మొత్తము 51 గంటలు పనిచేసి దానిని తెరచెను. దీనికి ముగ్గురు మధ్యవర్తులుండిరి. ఇన్ని దినములు ఎవడును ఏకాంతముగా దొంగతనము చేయలేడుగదా యని బ్రామావారు గొణిగిరి, మాట సత్యమే. అయినను గినీలు ఇచ్చివేసిరి. హాబ్స్ నిస్స్వార్థి యని నేననను. అతడు తన కంపెనీ తాళమును అమ్మవచ్చిన వర్తకుడు. కొలది యేండ్లకే ఆ కంపెనీ తాళమును లైనస్ యేల్ అను మరియొక అమెరికనుడు తెరచి చూపెను.

పత్రికలలో గగ్గోలు చెలరేగెను. ఇట్టి రహస్యములు వెల్లడించుట దొంగలకు పాఠము చెప్పుటయే యనిరి. 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ సంపాదకత్వమున వెలువడిన తాళముల గ్రంథము దీనికి సమాధానమిచ్చెను: దొంగలు తమ వృత్తిలో మనకంటె ముందేయున్నారు, తాళము లోపము తెలియనివాడు దానిని కొన్న గృహస్థుడొక్కడే. తర్కము బలముగలది. కాని, తాళములన్నిటి లోపము లోకమునకు చెప్పుట వేరు, ఫలానా తలుపు తెరచుటకు ఫలానివానికి తోడుపడుట వేరు. ఈ రెండవదానిని గురించి ఆ గ్రంథపు వాదము మనకేమియు సాయపడదు.

రెండవదానికి దృష్టాంతము భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లాస్ అలమోస్‌లో అణుబాంబు రహస్యముల నడుమ అతనికి ఇనుపబీరువాల తాళములు తెరచుటయే వినోదము. ఎవరైన ఊరిలో లేక వారి బీరువాలోని కాగితము కావలసివచ్చినచో సహోద్యోగులు అతనినే పిలుచువారు. అతడు పనిముట్లు తెత్తునని పోయి, ఆ బీరువా అంకెలను తాను మునుపే వ్రాసియుంచుకొన్న చీటిని చూచుకొని వచ్చెడివాడు. గదిలో ఒంటరిగా తలుపు వేసికొని, క్షణములో తెరచి, పని కష్టమని తోచుటకై కొంతసేపు పత్రిక చదువుకొనుచు కూర్చుండెడివాడు! ఓక్ రిడ్జ్‌లో నొక కల్నలునకు అతని బీరువా లోపమును చూపగా, తలుపు తెరచియుంచకుడని ఉద్యోగులను హెచ్చరించుటకు మారుగ, ఫైన్‌మన్ దగ్గరకు వచ్చియుండినచో అంకెలు మార్చుకొనుడని కల్నలు ఉత్తరువు చేసెను. లోపము చూపినవానిమీదనే అనుమానము పడుట అధికారుల స్వభావము కాబోలు.

1997లో జర్మనీలోని హాంబర్గులో ఇట్టి ఔత్సాహికులు సంఘముగా నేర్పడిరి. పిదప నెదర్లాండ్సు మున్నగుచోట్లను సంఘములు వెలసెను. వారి కట్టుబాట్లు రెండు: నీది కాని తాళము అనుమతి లేక తెరువకుము, నిత్యము వాడుకలోనున్న తాళము జోలికి పోకుము. రెండవది, నేర్పులేని చేయి తాళమును చెరచునను భయముచేత. మేలురకపు తాళములకు కంపెనీలు చెవితోపాటు ఒక కార్డునిచ్చును. అది చూపినగాని నకలు చెవి చేయరు. చెవియు కార్డును రెండును పోగొట్టుకొన్నవాడు ఔత్సాహికునకు వ్రాసినచో, తాళము పేరు తెలిసినను, లోని నిర్మాణము తెలిసినను, అతడు చెప్పదగిన దొక్కటే: మీ యూరి తాళముల పనివానిని పిలువుడు, ఇల్లు మీదని అతనికి చూపుడు. కొందరికిది పిసినిగొట్టుతనముగ తోచును. నాకట్లు తోచదు. వేయిమైళ్ళ దూరమునుండి సాక్షిగా నిలుచుట యెవని తరము?

జంషెడ్పూరులోని కంపెనీ 1907లో నేర్పడి, 1912లో ఉక్కు తీసెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు ఆ కొలుములకు పోయిరి. ఉక్కుతోనే బ్రతుకు వెళ్ళబుచ్చినవారి కుటుంబములు సంక్రాంతికి స్వగ్రామము పోవునపుడు క్వార్టరుకు తాళము వేసి, చెవిని ప్రక్కింటి అత్తయ్యకో పిన్నికో ఇచ్చిపోవును. ఆ యిల్లాలు బిహారీయో బెంగాలీయో యైనను పిలుపు అదియే.