పిలుపు రాని పదిహేను వారాలు

1953 డిసెంబరు 12. ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో డెర్వెంట్ లోయ. ఎనభై దాటిన జోసెఫ్ ట్యాగ్ తన ఆడకుక్క టిప్‌ను వెంటబెట్టుకుని హౌడెన్ మూర్ల మీదికి బయల్దేరాడు. గొర్రెలు కాసి బతికిన మనిషి, గొర్రెల కుక్కల పోటీల్లో పేరున్నవాడు. ఆ కొండలు ఆయనకు కొత్త కాదు.

మూర్ అంటే చెట్టన్నది కనిపించని ఎత్తైన బయలు. ఎటు చూసినా హీథర్ పొదలు. వాటి కింద వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి పీట్ నేల, అడుగేస్తే నీరు ఊరుతుంది. మంచు కమ్మితే దిక్కులు తెలియవు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి.

ఆయన తిరిగి రాలేదు. వెతకడానికి జనం వెళ్లారు, మళ్లీ వెళ్లారు. దొరకలేదు.

పైన, హీథర్‌లో, పెద్దాయన పడి ఉన్నాడు. పక్కనే టిప్. పడుకోమంటే మళ్లీ పిలిచేదాకా కదలకూడదని గొర్రెల కుక్కకు నేర్పుతారు. ఈసారి పిలిచే గొంతు లేదు. మొదటి రాత్రి అది ఆయన ముఖం నాకి ఉంటుంది, చలికి ఆయన కోటును ఆనుకుని ముడుచుకుని ఉంటుంది. తెల్లారి ఆకలేసి ఉంటుంది. కింద లోయలో ఇల్లుంది, పొయ్యి ఉంది, కూడు ఉంది. దారి దానికి తెలుసు. అయినా దిగలేదు. కాళ్ల దగ్గరే గ్రౌస్ పక్షులు ఒక్కసారిగా లేచి అరిచి ఉంటాయి. చలికాలానికి తెల్లబడ్డ కొండ కుందేళ్లు ఎదురుగా ఉరికి ఉంటాయి. ఎంత దూరం పోయినా అది మళ్లీ ఆ కోటు దగ్గరికే వచ్చి ఉంటుంది.

మంచు పడింది, కరిగింది. 1954 మార్చి 27న గొర్రెల్ని మళ్లించడానికి వెళ్లినవాళ్లకు ఆయన దేహం కనిపించింది. పక్కనే, ఎముకలు తేలి, ప్రాణం మాత్రం మిగిలిన టిప్. నూట అయిదు రోజులు! కుక్కల రక్షణ సంస్థ నేషనల్ కెనైన్ డిఫెన్స్ లీగ్ దానికి కాంస్య పతకం ఇచ్చింది. డెర్వెంట్ డ్యామ్ పక్కన జనం చందాలేసుకుని శిల నిలబెట్టారు.

ఇప్పుడు శీతకాలపు పొద్దున్నే పొడవాటి లెన్సులు భుజాన వేసుకుని, కుక్కల్ని తోలుకుని ఫొటోగ్రాఫర్లు ఈ పీక్ డిస్ట్రిక్ట్ మూర్లకు వస్తారు. ఎక్కువమంది కోరేది తెల్ల కుందేలునే. 19వ శతాబ్దంలో వేట కోసం స్కాట్లండ్ నుంచి తెచ్చి వదిలిన జాతి అది. ఇంగ్లండ్‌లో అవి మిగిలింది ఇక్కడే. పగలు కురచబడితే బొచ్చు తెల్లబడుతుంది, నేల మీద మంచు ఉన్నా లేకున్నా. మంచు లేని రోజు గోధుమరంగు హీథర్‌లో అది దూరానికే కనపడిపోతుంది, కెమెరాకైనా డేగకైనా. దానికున్న మొదటి రక్షణ, కదలకుండా నక్కి ఉండటం.

అక్కడే కుక్క సంగతి వస్తుంది. పడుకోమంటే పడుకునే కుక్క ఉంటే కుందేలు లేవదు, ఫొటో దొరుకుతుంది. తరిమే కుక్క ఉంటే ఫొటో పోయినా పోనివ్వండి, మేత కరువైన రోజుల్లో కుందేలు దాచుకున్న సత్తువ ఆ ఒక్క పరుగులో పోతుంది. నేల మీద గూడు పెట్టే పక్షుల కోసం అక్కడి చట్టం మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కకు రెండు మీటర్లు మించని తాడు ఉండాలంటుంది. నన్నడిగితే మార్చి దాకా ఆగక్కర్లేదు. కుందేలు ఒళ్లు తెల్లబడిన నాటి నుంచే ఆ తాడు చేతిలో ఉండాలి.