సొరుగు అడుగున దొరికిన పద్దు

మా ఇంట్లో రాతబల్లని మేజాబల్ల అంటాం. మేజా అంటే పారసీ 'మేజ్' నుంచి వచ్చిన మాట, దానర్థమూ బల్లే. అంటే మేము రోజూ 'బల్లబల్ల' అంటున్నామన్నమాట. బడిలో మేజు, ఇంట్లో బల్ల. బళ్ళారిలో పెరిగి కన్నడ మీడియంలో చదువుకున్న మాలాంటివాళ్లకి ఇట్లాంటి జంటమాటలు కొత్త కాదు. మీలో చాలామంది ఇళ్లల్లోనూ ఇదే కథ ఉంటుందని తెలుసు.

పోయిన ఏడాది బళ్ళారిలో ఒక పాతసామాన్ల అంగట్లో టేకు రాతబల్ల ఒకటి కొన్నాం. నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండు పక్కలా రెండేసి సొరుగులు. 6,500 రూపాయలకి బేరం కుదిరింది. మా తాత ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నప్పుడు ఇంట్లోనూ ఇట్లాంటి బల్ల ఉండేది. అక్క ఫీజు కట్టాల్సిన ఏడాది నాయన దాన్ని అమ్మేశాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. కొన్నది ఆ బల్ల కాదు. దానికి మూడు సొరుగులు, దీనికి నాలుగు. అయినా చూడగానే ముగ్గురం అక్కడే నిలబడిపోయాం.

అంగడాయన ఒక మాట అన్నాడు: "ఇది బళ్ళారి రాఘవగారి బల్ల సార్. ఆయన కూర్చొని నాటకాలు రాసింది దీని మీదే."

ఈ మాటని పరీక్షించకుండా వదల్లేకపోయాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం అట్ల అలవాటు చేసింది. 'పనిచేస్తుంది' అని ఎవరైనా చెబితే, ఏ ఆధారంతో చెబుతున్నారు అని అడగడమే మా పని.

ముందు ఆ మాట ఎందుకు పుట్టిందో చూద్దాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలకి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. తర్వాత బళ్ళారి జిల్లా కేంద్రం అయింది. కచేరీలు, కోర్టులు, దండు, పత్తి వ్యాపారం, అన్నీ ఉన్న ఊరు. అంతకు ముందు లెక్కలు రాసేవాళ్లు నేలమీద చాప వేసుకొని, ముందు ఏటవాలు మూత ఉన్న చిన్న పెట్టె పెట్టుకొని రాసేవాళ్లు. కుర్చీ, సొరుగుల బల్ల కచేరీలతో పాటు ఊళ్లోకి దిగి, అక్కడినుంచి వకీళ్ల ఇళ్లకి వచ్చాయి.

ఆ వకీళ్లే బళ్ళారిని తెలుగు నాటకానికి ఊరు చేశారు. ధర్మవరం కృష్ణమాచార్యులు (1853–1912) ఇక్కడ వకాల్తా చేస్తూ సరసవినోదిని సభ పెట్టి నాటకాలు రాశారు, ఆడారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. కోలాచలం శ్రీనివాసరావు కూడా వకీలే, చారిత్రక నాటకాలకి ప్రసిద్ధి. కృష్ణమాచార్యులకి మేనల్లుడైన రాఘవ (1880–1946) కూడా వకీలే. తెలుగుతో పాటు కన్నడ, ఇంగ్లీషు నాటకాల్లోనూ వేషం కట్టారు. ఆయన పేరుతో ఉన్న రాఘవ కళామందిరం ఇప్పటికీ ఊళ్లో ఉంది. కాబట్టి బళ్ళారిలో పాత రాతబల్ల కనిపిస్తే అది ఏదో ఒక పెద్ద వకీలుదే అనిపించడం సహజం. పైగా పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది.

ఇంటికి తెచ్చి దొడ్లో గోనెపట్టా మీద పెట్టి ఒక్కొక్కటే చూశాం. మొదటి పరీక్ష, పైపూత. కనపడని చోట దూదికి కొంచెం స్పిరిట్ అద్ది రుద్దితే పూత మెత్తబడి, జిగటగా దూదికి అంటుకుంది. అంటే అది చపడా లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు పెట్టే బంకని శుద్ధిచేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పల్చగా పొరమీద పొర పూస్తారు. ఈ కాలపు పూతలు చాలావరకు అట్ల స్పిరిట్‌కి కరగవు.

రెండోది, అతుకులు. ఒక కాలు ఊగుతోంది. అతుకు దగ్గర వేడినీళ్ల గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే జిగురు వదిలింది. అది వజ్రం, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే జిగురు. వేడికీ తడికీ ఇది వదిలిపోతుంది. దాని లోపమూ అదే, గుణమూ అదే. చెక్క విరగకుండా అతుకు విప్పి మళ్లీ బిగించొచ్చు. మూడోది, స్క్రూలు. తాళాల దగ్గర ఒకే గీత ఉన్న పాత ఇత్తడి స్క్రూలు. ఒక్క సొరుగు పిడికి మాత్రం ప్లస్ గుర్తు స్క్రూ, అది ఎవరో తర్వాత చేసిన రిపేరు.

ఇవన్నీ కలిపినా తేలింది ఒక్కటే: బల్ల పాతది, చేత్తో చేసింది. ఎవరిదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. పేరు లేదు, ముద్ర లేదు, రసీదు లేదు. రాఘవ కాలంలో ఉండి ఉండొచ్చు అనేది వేరు, రాఘవది అనేది వేరు. అంగడాయన మాటని పక్కన పెట్టేశాం.

అసలు సంగతి నాలుగో సొరుగులో బయటపడింది. కుడిపక్క కింది సొరుగు అడుగున ఒక కన్నడ దినపత్రిక కాగితం అంటించి ఉంది, 1961 నాటిది. తడిగుడ్డతో మెల్లగా లేపితే కింద చెక్క మీద పెన్సిల్ రాత కనిపించింది. పద్దు. ఎడమపక్క సరుకుల పేర్లు, కుడిపక్క మూడు గడుల్లో అంకెలు.

టెస్టింగ్‌లో హద్దులు చూడటం అని ఒక పద్ధతి ఉంది. ఒక గడిలో ఉండగలిగిన పెద్ద విలువ ఏది, చిన్న విలువ ఏది అని వెతుకుతాం. ఇక్కడ అదే చేశాం. నడిమి గడిలో ఏ అంకే 15 దాటలేదు. చివరి గడిలో 11 దాటలేదు. చూడగానే నాయన, "రూపాయలు, అణాలు, పైలు రా" అన్నాడు. అప్పట్లో 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయా పైసలు వచ్చాయి. తూకాలు కూడా వీశెల్లో ఉన్నాయి. మణుగుకి 8 వీశెలు. 1958 తర్వాత దశలవారీగా కిలోలు వచ్చి, 1962 కల్లా పాత తూకాలకి చట్టంలో చోటు పోయింది. పాత నాణెం, పాత తూకం, పైన 1961 కాగితం. అంటే ఈ పద్దు 1957కి ముందుది, లేదా ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో పాత అలవాటు వదలని చెయ్యి రాసింది.

తర్వాత పేర్లు చదివాం. సులభంగా చదివేశాం. ఎంత సులభంగా అంటే, ఎందుకు అంత సులభమైందో కాసేపటికిగానీ తట్టలేదు. అవి కన్నడ అక్షరాలు. మాటలు మాత్రం తెలుగు.

బియ్యం అని ఉంది, అక్కి అని కాదు. నూనె అని ఉంది, ఎణ్ణె అని కాదు. చింతపండు అని ఉంది, హుణసెహణ్ణు అని కాదు. ఉప్పు ఒక్కటే ఏ భాషో చెప్పలేం, అది రెండింట్లోనూ ఉప్పే. అక్షరాల నెత్తిన మాత్రం తెలుగు తలకట్టు లేదు, కన్నడ గీత ఉంది.

ఇది మమ్మల్ని ఎందుకు ఆపేసిందో చెప్పాలి. చిన్నప్పటినుంచి మేమూ ఇట్లే రాస్తున్నాం. అవ్వకి రాసిన ఉత్తరాలు, పెళ్లి సరుకుల పట్టీలు, అన్నీ తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పాతికేళ్లు దాటాక. దీనికి మా దగ్గర ఒక సిద్ధమైన కారణం ఉండేది. ఎవరు అడిగినా "1953" అనేవాళ్లం.

1953 కథ మీకు తెలిసిందే. ఆ ఏడాది అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. అప్పటి బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి, మిగిలినవి మైసూరుకి వెళ్లాయి. బళ్ళారి తాలూకా ఎటు వెళ్లాలో తేలక, జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాతో ప్రత్యేకంగా విచారణ చేయించారు. చివరికి అదీ మైసూరుకే వచ్చింది. మేము చెప్పుకునే కథలో ఆ రోజు గీసిన గీతే మా అక్షరాలని తీసుకుపోయింది. అంతకు ముందు బళ్ళారి తెలుగిళ్లల్లో అందరూ తెలుగే చదివేవాళ్లు, తర్వాతే కన్నడ లిపిలోకి పడ్డాం అని.

సొరుగులో పద్దు ఈ కథకి అడ్డం పడింది. రాసింది కుదురైన పెద్దచెయ్యి, ఇల్లు నడిపే మనిషి. అణాల కాలానికే అంత తీరుగా రాస్తున్నారంటే అక్షరాలు నేర్చుకున్నది 1953కి చాలా ముందు, మద్రాసు పాలనలోనే. ఒక్క సొరుగుతో ఊరి చరిత్ర తిరగరాయలేం. కానీ 'అందరూ' అన్న మాట తప్పని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు.

నాయన చాలాసేపు ఆ సొరుగుని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా అమ్మ కూడా ఇట్లే రాసేది. మేం నవ్వేవాళ్లం, తెలుగు రాయడం రాదని. తర్వాత రాయడం మానుకుంది."

అవ్వ పుట్టిల్లు హొసపేట తాలూకా. ఆ పక్క పల్లెల్లో బడి అంటే కన్నడ బడే, 1953కి ముందు కూడా. ఆమె అక్కడ అక్షరాలు దిద్దుకొని, ఇంటి మాట తెలుగుతోనే బళ్ళారికి కోడలిగా వచ్చింది. తాత ఆలూరు పక్కవాడు, తెలుగు బడి. ఒకే ఇంట్లో ఒకే మాట, రెండు రాతలు. రాష్ట్రాల గీత 1953లో పడింది, బడులు మాత్రం అంతకు ముందునుంచీ పల్లెని బట్టి నడిచాయి. ఆడపిల్లలు పెళ్లితో పాటు తమ అక్షరాలనీ తెచ్చుకున్నారు. అవ్వకి రాదని మేము అనుకున్నది, నిజానికి ఆమెకి వచ్చినదే.

ఇంకా వెనక్కి వెళితే ఈ రెండు లిపులూ ఒకటే. శాసనాల్లో చాలాకాలం తెలుగు–కన్నడ లిపి అని ఒకే పేరుతో చెప్పేది అందుకే. మెల్లమెల్లగా విడిపోయి, అచ్చు వచ్చాక తేడాలు గట్టిపడ్డాయి. అవ్వ చేతిలో ఆ తేడా గట్టిపడలేదు, అంతే.

ఇంతలో పాలిష్ మేస్త్రి వచ్చాడు. "మెషిన్ పెట్టి పైన, సొరుగుల్లో ఒక పొర తీసేస్తే కొత్త బల్ల అయిపోతుంది సార్, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆయన చెప్పింది తప్పేం కాదు, చాలామంది అదే అడుగుతారు. మొదట నాయన కోరిందీ అదే, తళతళలాడాలని. అక్క వద్దంది. ఈ విషయంలో రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. పద్దు దొరికాక నాయనే మేస్త్రితో, "సొరుగులో చెయ్యి పెట్టొద్దప్పా" అన్నాడు.

చివరికి చేసింది ఇది. కుళ్లిపోయిన కాలి అడుగు రెండు అంగుళాలు కోసి, పాత టేకు ముక్క అతికించాం. వదులైన అతుకులు విప్పి మళ్లీ బిగించాం. పైన మురికిని పిండేసిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరగుడ్డ పట్టాం. వేడి లోటా పెట్టిన తెల్లటి గుండ్రాలు లక్కపొరలోనే ఉంటాయి కాబట్టి స్పిరిట్ దూదితో సులభంగా పోయాయి. నల్లటి మరకలు పోలేదు. చెక్కలోని వగరుకి ఇనుము, తడి తగిలితే వచ్చే మరకలు అవి, లోపలిదాకా దిగుతాయి. పాత సిరా మరక కూడా అట్లాంటిదే. వాటిని ఉంచేశాం. మేస్త్రి దగ్గర ఉండి నేర్పిస్తే, పైన పల్చగా ఆరు పూతలు చపడా మేమే వేశాం. సొరుగు పట్టాలకి కొవ్వొత్తి రుద్దాం. నాలుగో సొరుగు లోపల మాత్రం ఏమీ పూయలేదు. ఫోటోలు తీసి, పైన ఒక పల్చటి కాగితం పరిచాం.

మీ ఇళ్లల్లో పాత బల్లో, బీరువానో, గల్లాపెట్టో ఉంటే, పాలిష్‌కి ఇచ్చేముందు సొరుగులు పూర్తిగా బయటికి లాగి, లోపలా అడుగునా వెలుతురులో చూడండి. అంటించిన కాగితం ఉంటే చింపకుండా, తేదీ చూసి, మెల్లగా లేపండి. రాత కనిపిస్తే ఏ మాటో, ఏ అక్షరమో విడివిడిగా రాసిపెట్టుకోండి. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తెలుగు మాటలు ఇంకో లిపిలో దొరికితే మాకు చెప్పండి.

నాయన ఇప్పుడు పొద్దున కాఫీ ఆ బల్ల దగ్గరే తాగుతాడు. లోటా కింద గుడ్డ వేసుకోమని అక్క రోజూ చెబుతుంది. ఆయన వేసుకోడు.