మూత్రంలో దొరికిన సాక్ష్యం

1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లూడ్విగ్ రేన్ ఒక చిన్న లెక్కను తోటి వైద్యుల ముందుంచాడు. ఫుక్సిన్ అనే ఎర్రరంగు తయారీలో పనిచేసిన 45 మంది కార్మికులలో ముగ్గురికి మూత్రాశయంలో కణుతులు ఏర్పడ్డాయి. అంత అరుదైన జబ్బు ఒకే పనిచోట ముగ్గురికి రావడం కాకతాళీయం కాదని రేన్ అభిప్రాయం. ఆయన అనిలీన్‌ను అనుమానించాడు. అసలు దోషులలో 2-నాఫ్థైలమీన్ ఒకటని 1938లో విల్‌హెల్మ్ హ్యూపర్ కుక్కలపై జరిపిన ప్రయోగాలు చూపాయి.

రంగుల తయారీలో పనిచేసిన మనిషికి ఈ జబ్బు వెంటనే బయటపడదు. తరచు పదిహేనేళ్ళకు పైగా పడుతుంది. కనుక ఆరోగ్యంగా కనిపించే వారినే ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండాలి. 1870ల చివరలో మాక్స్ నిట్జే రూపొందించిన సిస్టోస్కోపుతో మూత్రాశయం లోపలికి చూడడం సాధ్యమైంది. కానీ బాధాకరమైన ఆ పరీక్షను వందలాది కార్మికులకు పదేపదే చేయడం సాధ్యం కాదు.

మరో దారి అంతకు ముందే కనిపించింది. మూత్రాశయపు లోపలి పొర నుండి కణాలు నిత్యం రాలి మూత్రంలో కలుస్తాయి. 1856లో ప్రాగ్ వైద్యుడు లాంబ్ల్ ఆ మూత్రంలో క్యాన్సర్ కణాలను సూక్ష్మదర్శినితో గుర్తించాడు. 1945లో పాపనికొలౌ, మార్షల్ దానిని ఒక క్రమమైన రోగనిర్ధారణ పద్ధతిగా మలిచారు. యుద్ధానంతర బ్రిటన్‌లో రంగుల కార్మికులకు ఈ కణపరీక్షలు జరిగాయి.

అయితే ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. తీవ్రమైన కణుతుల కణాలు వికృతంగా కనిపించి పట్టుబడతాయి. తక్కువ తీవ్రత గల కణుతుల కణాలు మామూలు కణాలనే పోలి ఉంటాయి. కంటికి తెలియని తేడాను అణువులలో వెతకడం అక్కడి నుండి మొదలైంది. కణవిభజనలో పాల్గొనే ఒక ప్రొటీనును కొలిచే ఎన్‌ఎంపీ22 పరీక్షకు 1996లో అమెరికాలో అనుమతి లభించింది. కానీ రాళ్ళు, ఇన్ఫెక్షన్లు ఉన్నప్పుడు కూడా అది తప్పుగా హెచ్చరించగలదు. 2001లో అనుమతి పొందిన యూరోవిజన్, 3, 7, 17 క్రోమోజోముల సంఖ్యనూ, 9వ క్రోమోజోములో ఒక భాగం లోపించడాన్నీ మెరిసే రంగుల సాయంతో చూపుతుంది. 2013లో, టెర్ట్ అనే జన్యువును నియంత్రించే భాగంలోని మార్పులు అధికశాతం మూత్రాశయ క్యాన్సర్లలో, తక్కువ తీవ్రత గలవాటిలో సైతం, ఉన్నట్లు తేలింది.

ఇవేవీ సిస్టోస్కోపును పూర్తిగా తొలగించలేదు. ఈ క్యాన్సర్ మళ్ళీమళ్ళీ తలెత్తుతుంది. చికిత్స పొందిన వ్యక్తి ఏళ్ళ తరబడి ఆ గొట్టాన్ని భరించవలసిందే. ఒక్క పరీక్ష తప్పించినా ఆ వ్యక్తికి అది గొప్ప ఉపశమనం. కానీ ఆ పరీక్ష కణితిని వదిలేస్తే, దానికి ప్రాణంతో వెల చెల్లించవలసి రావచ్చు. ఈ సూచికల విలువను వైద్యులు తూచేది ఆ రెంటి మధ్యనే.

2-నాఫ్థైలమీన్ తయారీ, వాడకాలను బ్రిటన్ నిబంధనలతో నిషేధించినది 1967లో. రేన్ లెక్కకూ ఆ నిషేధానికీ మధ్య 72 ఏళ్ళు గడిచాయి. జబ్బును ముందుగా పట్టే పరీక్షలు ఎంత సూక్ష్మమైనా, కార్మికుల చేతికి ఆ పదార్థం అందకుండా ఆపగలిగినది మాత్రం నిషేధమే.