సేల్‌డీడ్ కొట్టిన మిషను

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ప్లాటు బేరం కుదిరిందంటే లాయరు ముందుగా అడిగేవి లింకు డాక్యుమెంట్లు. కంప్యూటరు ప్రింట్లు దాటి తొంభైల వెనక్కి వెళ్లేసరికి కాగితం ముఖమే మారిపోతుంది. ఇంగ్లీషు ‘ఈ’, ‘ఓ’ల కడుపులు సిరాతో పూడి ఉంటాయి. ఒక అక్షరం వరసకు రవ్వంత పైన నిలబడుతుంది, ప్రతి పేజీలోనూ అదే అక్షరం. ఫుల్‌స్టాపు కాగితాన్ని చిల్లు పొడిచేసి ఉంటుంది. నాకు టైపు మిషను పిచ్చి అంటుకున్నది ఇలాంటి కాగితాల నుంచే.

మిషను పుట్టిల్లు అమెరికాలోని మిల్వాకీ. క్రిస్టఫర్ షోల్స్ అనే పత్రికాయన పేజీ నంబర్లు వేసే యంత్రంతో మొదలుపెట్టి, మిత్రులతో కలిసి 1868లో అక్షరాలు కొట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. తుపాకులు, కుట్టుమిషన్లు చేసే రెమింగ్టన్ కంపెనీ దాన్ని 1874లో బజారుకు తెచ్చింది. ఆ కుట్టుమిషన్ల వాసన పోలేదు. స్టాండు, ఒంటినిండా పువ్వుల బొమ్మలు, క్యారేజీని వెనక్కి తోయడానికి కాలితో తొక్కే పెడలు. పడేవన్నీ పెద్దక్షరాలే, చిన్నక్షరాలకు 1878 దాకా ఆగాల్సొచ్చింది. అచ్చు రోలరు అడుగున పడేది కాబట్టి ఏం కొట్టామో అప్పటికప్పుడు కనిపించేదీ కాదు. ఇక అక్షరాల ఆ అడ్డదిడ్డపు వరస. అచ్చు అక్షరాలుండే పుల్లలు ఒకదానికొకటి చిక్కుకోకుండా అలా పెట్టారని ఇన్‌స్టిట్యూట్లలో చెప్పేవారు. టెలిగ్రాఫు గుమాస్తాల సౌకర్యం కోసమని ఇంకొందరి వాదన. పంచాయితీ తెగలేదు గానీ, ఆ వరస మాత్రం మన ఫోన్లలోకి కూడా వచ్చి కూర్చుంది.

మన దేశంలో గోద్రెజ్ టైపురైటరు 1955లో వచ్చింది. తెలంగాణలో ఏ భూమి తగాదా వచ్చినా తవ్వితీసే భూమి రికార్డు ఖాస్రా పహాణీ కూడా 1954-55దే. అది చేతిరాత. ఆ తర్వాతి భూముల కథలో పెద్దభాగం రాసింది మిషనే. గోద్రెజ్‌తో పాటు రెమింగ్టన్లు, మద్రాసులో తయారైన హాల్డాలు ఆఫీసుల నిండా ఉండేవి.

తెలుగు మిషను కథ వేరు. ఎంత పెద్ద యంత్రంలోనైనా పట్టే గుర్తులు తొంభై చిల్లర. మన గుణింతాలూ వత్తులూ లెక్కేస్తే ఆ తొంభై ఏ మూలకు? అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. కొన్ని మీటలు కొడితే క్యారేజీ కదలదు. గుర్తు పడుతుంది, తర్వాతి దెబ్బకు అక్షరం వచ్చి దానికి అతుక్కుంటుంది. అలా కొట్టిన తెలుగు అందంగా ఉండదు, నిజం ఒప్పుకోవాలి. వత్తులు జారి కింది వరస నెత్తిన కూర్చుంటాయి. అయినా 1966లో అధికార భాషా చట్టం, 1974లో అధికార భాషా సంఘం వచ్చాక కచేరీల్లో తెలుగు నడవాలంటే దిక్కు ఆ మిషనే.

దానితో పాటే టైపు ఇన్‌స్టిట్యూట్లు. ‘ఏఎస్‌డీఎఫ్’తో వేళ్లు తిప్పని టెన్త్ పాసైన పిల్లలు ఆ రోజుల్లో తక్కువ. లోయర్ అంటే నిమిషానికి ముప్పై మాటలు, హయ్యర్ అంటే నలభై ఐదు. పరీక్ష రోజున సొంత మిషనును రిక్షాలో ఎక్కించి, ఒళ్లో పట్టుకున్నంత జాగ్రత్తగా సెంటరుకు తీసుకెళ్లేవారు. ఆ సర్టిఫికెట్టుతో ఉద్యోగం దొరికినవాళ్లు ఆఫీసుల్లో కుదురుకున్నారు, దొరకనివాళ్లలో కొందరు రిజిస్ట్రేషను ఆఫీసుల ముందు చెట్టుకింద బల్ల వేశారు.

అసలు పనితనం ఆ బల్ల దగ్గర ఉండేది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ఇరవయ్యో సెక్షను ప్రకారం పత్రంలో కొట్టివేతలు, దిద్దుళ్లు, వరసల మధ్య ఇరికించిన మాటలు ఉంటే రాసిచ్చినవాళ్లు అక్కడ సంతకమో పొట్టి సంతకమో పెట్టాలి. లేదంటే రిజిస్ట్రారు కాగితం తిప్పి పంపవచ్చు. స్టాంపు కాగితం డబ్బు పోసి కొన్నది, చించి పారేసేది కాదు. సర్వే నంబర్లో ఒక అంకె, హద్దుల్లో తూర్పుకు బదులు పడమర పడిందంటే దాని మీద ఎక్సులు కొట్టి, దిద్దుబాటు రాసి, పార్టీలను మళ్లీ పిలవాలి. అందుకే మంచి టైపిస్టు వేగం కన్నా నిదానాన్ని అమ్ముకునేవాడు. 1998లో రిజిస్ట్రేషన్లు కంప్యూటరుకెక్కడం మొదలయ్యాక ఆ బల్లలు ఒక్కొక్కటే లేచిపోయాయి. గోద్రెజ్ తయారీ కూడా 2009తో ముగిసింది.

నా దగ్గరున్నది మూతపడిన ఇన్‌స్టిట్యూటుది, పాత సామాను కొట్లో దొరికిన ఇంగ్లీషు గోద్రెజ్. ఎత్తితే నడుం పట్టేస్తుంది. కాగితం దూర్చి రోలరు తిప్పితే పళ్లచక్రం టిక్కుటిక్కుమంటుంది. మార్జిను దగ్గరపడగానే గంట కొడుతుంది. అప్పుడు మాటను ముగించాలా, విరిచి కిందికి దించాలా అన్నది ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. ఆ చిన్న తొందర నాకు చాలా ఇష్టం. చిటికెన వేలు ‘ఏ’ మీద ఎప్పుడూ బలం తక్కువగా పడుతుంది, ఆ అక్షరం వెలిసిపోయినట్టు వస్తుంది. నా ఉత్తరాలు ఎవరివో కవరు తెరవగానే స్నేహితులకు తెలిసేది దాంతోనే. వెనక్కి తుడిచే మీట లేకపోవడంతో వాక్యం ముందు బుర్రలో తయారై తర్వాతే కాగితం మీదికి వస్తుంది.

కొనాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పైన మెరుపు చూడకండి. ప్రతి మీటా రెండుసార్లు కొట్టి చూడండి, క్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా వస్తుందా చూడండి. రోలరు రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటే అచ్చు సరిగా పడదు. పుల్లల బుట్టలో నూనె పోయకండి, దుమ్ము పట్టి బంకవుతుంది. అచ్చుల ముఖాన్ని పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే చాలు. అరంగుళం రిబ్బను ఇప్పటికీ దొరుకుతుంది. తెలుగు మిషను కనబడితే మాత్రం బేరం ఎక్కువ లాగకండి, ఇనప తుక్కు కింద తూకానికి పోయినవే ఎక్కువ.